చెలమ దగ్గర ఆఖరి వంతు

చింతలరేవులో రెండు ఊళ్ళున్నాయి. ఒకటి మనుషులది. దానికి పంచాయతీ ఆఫీసుంది, మూడు టీకొట్లున్నాయి, ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకోవడానికి మైకు కూడా ఉంది. దాని సంగతి నాకొద్దు. నేను చెప్పేది రెండో ఊరి సంగతి. ఒడ్డుకి లాగిన పడవల నీడలోనూ, ఎండిపోయిన వాగు ఇసకలోనూ బతికే ముప్పై ఏడు ప్రాణాల ఊరు అది. దానికి బోర్డు లేదుగానీ కట్టుబాట్లున్నాయి, మనుషుల వాటికంటే గట్టివి.

ఆ ఏడు రోహిణి కార్తె నిప్పులు చెరిగింది. పక్కనే సముద్రం ఉండి ఏం లాభం? పొద్దున ఎనిమిదికే పడమటి నుంచి వడగాడ్పు లేచి సాయంత్రం దాకా ఊరిని వేపుకు తినేది. చేపలవేట నిషేధం గనక పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వేట లేదు గనక చేప తలకాయ లేదు, పేగు లేదు. కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాదు. ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చిందంటే ఆడవాళ్ళు బిందెలతో కొట్టుకుంటారు, చుక్క కింద పడనివ్వరు. అక్కడ మూతి పెట్టబోయిన మేక సూరమ్మకి నడుం మీద బిందె దెబ్బ తగిలి నాలుగు రోజులు వంకరగా నడిచింది.

మరి ముప్పై ఏడు ప్రాణాలూ దేనిమీద బతికాయంటే, ముత్యాలు తవ్విన చెలమ మీద బతికాయి.

ముత్యాలు గాడిద. పదేళ్ళు ఉప్పుమళ్ళ నుంచి రేవుకి బస్తాలు మోసింది. ట్రాలీ ఆటో వచ్చాక యజమాని మెడలో తాడు విప్పి "పోవే" అన్నాడు. పదేళ్ళ చాకిరీకి అదే పింఛను. అయితే వాళ్ళమ్మ నేర్పిన విద్య ఒకటి ముత్యాలు దగ్గరుంది. వాగు సముద్రంలో కలిసేచోట, ఇసక చల్లగా తగిలే జాగా చూసి ముందు గిట్టలతో మోకాలి లోతు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. మోకాలి లోతే, అంతకు మించి కాదు. "అడుగున నల్లమట్టి తగులుతుంది, అందులో చచ్చిన గుల్లలుంటాయి. అది తగిలిందా, ఆగిపో. మంచినీళ్ళు ఆ మట్టి మీద పల్చగా నిలబడి ఉంటాయే తల్లీ. కింద ఉన్నదంతా సముద్రమే. మట్టి పగిలిందంటే ఇక ఆపలేం," అని వాళ్ళమ్మ చచ్చేదాకా చెబుతూనే ఉంది.

చెలమ కట్టుబాటు ఇదీ. తెల్లవారగానే ముత్యాలు తవ్వుతుంది. పడవల కాపలా కుక్క రంగడు పేర్లు పిలుస్తాడు. పాలు తాగే పిల్లలు ముందు, తర్వాత ముసలివాళ్ళు, ఆ తర్వాత మిగతావాళ్ళు. ఊళ్ళోకి కొత్తగా చేరినవాళ్ళు వాళ్ళ వెనక. అందరూ తాగాకే తవ్వినవాళ్ళు, లేకపోతే తవ్వేవాళ్ళు తమ కడుపు నింపుకుని మందికి బురద మిగులుస్తారని ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి. పిలిచినవాళ్ళు రాకపోతే ఒక ఊట ఊరేదాకా, అంటే ఒకరికి సరిపడా నీళ్ళు చేరేదాకా, ఆగాలి. అప్పటికీ రాకపోతే వాళ్ళ వంతు నీళ్ళు గిట్టతో ఇసక మీదికి చిమ్మెయ్యాలి. ఇదేం చోద్యం అనకండి. చిమ్మకపోతే వెనకవాడు ముందువాడు ఎప్పుడు రాకుండా పోతాడా అని కాచుకు కూర్చుంటాడట, అందుకు.

వంతుల్లో అందరికంటే కొత్తవాడు నక్క గురవయ్య. సరుగుడు తోట కొట్టేశారని, నిలవ నీడ లేదని ఏడుస్తూ వస్తే, ఊరిపెద్ద దున్నపోతు పోలయ్య జాలిపడి వంతు ఇచ్చాడు. కాబట్టి వాడి వంతు అందరి వెనక, ముత్యాలుకి ముందు. వాడూ తాగి వెళ్ళాక ముత్యాలు మూతి పెట్టేసరికి పొద్దెక్కేది, ఇసక కాలేది, చెలమలో రెండు గుక్కలు మిగిలేవి. ఇన్నేళ్ళూ ఆ రెండు గుక్కలతోనే సర్దుకుంది. ఒంటి ప్రాణం, ఎలాగో గడిచిపోయింది.

కానీ ఇప్పుడు ఒంటి ప్రాణం కాదు. ఇరవై రోజుల కింద బిడ్డ పుట్టాడు. బొజ్జ కింద తెల్లగా ఉందని గవ్వ అని పేరు పెట్టుకుంది. పుట్టిన రోజే వంతుల్లో పేరు చేరాలి గనక రంగడు రోజూ మొట్టమొదట "గవ్వా!" అని పిలిచేవాడు. ఇరవై రోజుల పసికూనకి నీళ్ళెందుకు? వాడు అమ్మ పొదుగు దగ్గరే ఉండేవాడు. ఒక ఊట ఆగి, వాడి వంతు నీళ్ళు ముత్యాలే తన గిట్టతో ఇసక మీదికి చిమ్మేది. చిమ్మి, ఆ తడి ఇంకిపోతుంటే చూస్తూ నిలబడేది. వెనక బిడ్డ ఎండిన పొదుగుని తలతో కుమ్ముతుండేవాడు.

ఓ రోజు ఇక తట్టుకోలేక పడవ నీడలో పంచాయితీ పెట్టించింది.

"పెద్దయ్యా, నా బిడ్డ నీళ్ళు తాగడు, నన్ను తాగుతాడు. వాడి వంతు రోజూ ఇసకపాలు చేస్తున్నాం. అది నాకిప్పించండి. నేను తాగితే వాడు తాగినట్టే. పాలు ఎండిపోతున్నాయి పెద్దయ్యా, వాడు బతకడు."

పోలయ్య నెమరు ఆపాడు. "సబబుగానే ఉందే."

"సబబు కాకేం?" అంది సూరమ్మ. దాని నోరు పెద్దదేగానీ మనసు చెడ్డది కాదు. "నా ఇద్దరూ నీళ్ళకి అలవాటు పడ్డారు గనక సరిపోయింది. నాకే ఆ గతి పడితే ఊరంతా ఎత్తి కుదేసేదాన్ని. ఇచ్చెయ్యండి."

"ఇద్దాం," అన్నాడు రంగడు. "నాకూ ఆ పసివాడి పేరు పిలిచి నీళ్ళు పారబోయిస్తుంటే నోట్లో ముద్ద దిగట్లేదు. ముద్ద కూడా లేదనుకోండి, అది వేరే సంగతి."

అంతా అయిపోయినట్టే. అప్పుడు వెనకనుంచి గురవయ్య గొంతు సవరించుకున్నాడు.

"కొత్తవాణ్ణి, నోరెత్తకూడదు. కానీ పెద్దయ్యా, మీరు ధర్మం తెలిసినవారు గనక ఒక్కమాట. ఈవేళ ఒక తల్లి కష్టం చూసి మార్చారు. రేపు ఇంకొకరు వస్తారు. ఎల్లుండి ఇంకొకరు. ఆఖరికి చెలమ ఎవరిది, బలం ఉన్నవాడిది. మా తోటలో ఒక పద్ధతుండేది. వంతుల్లో ఏది మార్చాలన్నా వంతున్న ప్రతి ప్రాణీ వచ్చి కూర్చుని ఒప్పుకోవాలి. ఒక్కరు తక్కువైనా చెల్లదు."

"అందరూ ఉన్నారుగా ఇక్కడ," అన్నాడు రంగడు.

"ముసలిపెట్ట ఏది బాబూ?"

అందరూ అటూ ఇటూ చూశారు. ముసలిపెట్ట వలలు అల్లేవాళ్ళ ఇంట్లో గంప కింద గుడ్లు పొదుగుతోంది. తలుపు లోపల, గంప కింద. లేచి రావాలంటే ఇంకా పదకొండు రోజులుంది.

పోలయ్యకి ఒక బలహీనత ఉంది, ధర్మం తెలిసినవాడు అనిపించుకోవాలని. కొమ్ములు పైకెత్తి, "మాటంటే అదీ! అందరూ కూర్చుంటేగాని వంతుల్లో ఏదీ మారదు, ఏ పేరూ కదలదు. ఇకమీదట ఇదే కట్టుబాటు," అన్నాడు. పెద్దమాటలా వినిపించింది గనక అందరూ తలలూపారు. ఇందాక సబబన్న సూరమ్మ కూడా ఊపింది, ఏం చెప్పమంటారు!

"పదకొండు రోజులా? అప్పటిదాకా నా బిడ్డ?"

"కట్టుబాటు కదమ్మా," అన్నాడు పోలయ్య, మళ్ళీ నెమరు మొదలుపెడుతూ.

మర్నాడు తన వంతు అయిపోయినా గురవయ్య కదల్లేదు. ముత్యాలు రెండు గుక్కలూ తాగి తలెత్తేసరికి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు, మొహం నిండా జాలి పులుముకుని.

"అక్కా, నామీద కోపంగా ఉందా?"

"నీమీద కోపం తెచ్చుకోడానికి ఓపికెక్కడిది? పో."

"నేను అన్నది ధర్మం. కానీ నా కడుపూ కాలుతోందక్కా. ధర్మం తప్పకుండా నీ బిడ్డ బతికే దారి ఒకటుంది. లోతు తవ్వు."

"అమ్మో, నల్లమట్టి దాటకూడదు. మా అమ్మ చెప్పింది."

"మీ అమ్మ కాలంలో ఎన్ని ప్రాణాలు తాగేవి?"

"పదహారో, పదిహేడో."

"ఇప్పుడు ముప్పై ఏడు. పదహారు నోళ్ళకి మోకాలి లోతు చాలితే ముప్పై ఏడు నోళ్ళకి ఎంత లోతు కావాలో నువ్వే చెప్పు. మీ అమ్మే ఉంటే ఈపాటికి తవ్వేది కాదూ? వంతు మార్చక్కర్లేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. అందరికీ నిండా నీళ్ళు, ఆఖరిదానివి నీకూ నిండా." అంటూ గవ్వ వైపు చూశాడు. "పాపం, పొదుగు వదిలేసి ఇసక నాకుతున్నాడు చూడు."

నిజంగానే నాకుతున్నాడు. పొద్దున తన వంతు నీళ్ళు చిమ్మినచోట, ఎప్పుడో ఆరిపోయిన ఇసకని.  ముత్యాలు గిట్ట ఎత్తింది, తవ్వింది. జానెడు దిగేసరికి నల్లమట్టి తగిలింది. కుళ్ళిన నాచు వాసన, చచ్చిన గుల్లలు, అన్నీ అమ్మ చెప్పినట్టే. ఆగింది. గురవయ్య బిడ్డ వైపు ఇంకోసారి చూశాడు. ముత్యాలు కళ్ళు మూసుకుని రెండు గిట్టలూ కలిపి ఒక్క పోటు పొడిచింది.

బుడబుడమని నీళ్ళు లేచాయి! మోకాలి దాకా, తొడదాకా, అంచుదాకా! నాలుక పెడితే తీపి. అమ్మ భయస్తురాలు, ఇన్నాళ్ళూ అనవసరంగా గొంతులు ఎండబెట్టుకున్నాం అనుకుంది పిచ్చిది. చుట్టుపక్కల మంచినీళ్ళన్నీ ముందొచ్చేసి, వాటి వెనకే సముద్రం వస్తుందన్న సంగతి ఆ ఆనందంలో తోచలేదు.

మూడు రోజులు చింతలరేవులో పండగ. వంతుల్లేవు, పిలుపుల్లేవు. "ముత్యాలమ్మా, నువ్వు మా పాలిటి తల్లివే" అని సూరమ్మ దండాలు పెట్టింది. పోలయ్య ఏకంగా అందులో పడుకుని పొర్లాడు. గవ్వ పొదుగు పట్టుకుంటే పాలు మూతి పక్కల కారాయి. తాగి తాగి, అమ్మ కాళ్ళ చుట్టూ నాలుగు పిచ్చిగంతులు వేశాడు. ముత్యాలు జన్మలో అంత సంతోషం ఎరగదు.

నాలుగోరోజు సూరమ్మ మూతి పెట్టి వెనక్కి లాక్కుంది. "ఇదేంటే, నా నోరు చేదా, నీళ్ళే తేడానా?"

ఐదోరోజుకి ఉప్పగా ఉన్నాయని గంపెడు గొంతులన్నాయి. ఆరోరోజు నోట్లో పోసుకుంటే ఉమ్మెయ్యాల్సి వచ్చింది. ముత్యాలు ఆ పక్కన తవ్వింది, ఈ పక్కన తవ్వింది. మోకాలి లోతులోనే ఆగింది, ఎంత జాగ్రత్తగానో. ఎక్కడ తవ్వినా సముద్రమే ఊరింది. వాన రావడానికి ఇంకా పదిరోజుల పైనే ఉంది.

దాహం తట్టుకోలేనివాళ్ళు ఆ ఉప్పునీళ్ళే తాగారు. తాగినకొద్దీ దాహం పెరిగి ఇంకా తాగారు. ముందు ఉడతలు రాలాయి, తర్వాత పిల్లికూనలు. సూరమ్మ ఇద్దరు పిల్లలూ ఒకే మధ్యాహ్నం, పడవ నీడలో, ఒకరి మీద ఒకరు తల పెట్టుకుని పోయారు. అప్పుడు ఊరంతా ఏడుస్తుంటే గురవయ్య ఒక్కడే మూతి నాక్కుంటూ పొదల వైపు తిరగడం ముత్యాలు చూసింది. వాడి డొక్కలు నిండి ఉన్నాయి. వాడికి మొదటినుంచీ ఉన్నది నీళ్ళ బాధ కాదు, తిండి బాధ. వేట లేక చేప లేని ఊళ్ళో నక్కకి ఏం దొరుకుతుంది? చచ్చినవాళ్ళు దొరుకుతారు. అందుకు వాళ్ళు ముందు చావాలి కదా.

"వీడే! వీడే తవ్వమన్నాడు!" అని ముత్యాలు పంచాయితీలో గొంతు చించుకుంది.

"నేనా?" గురవయ్య చెవులు వాల్చాడు. "ఆకలిగొన్న బిడ్డని చూసి లోతు తవ్వుకో అక్కా అన్నానేమో, మంచికే అన్నాను. నల్లమట్టి పగలగొట్టమన్నానా? మట్టి సంగతి నాకేం తెలుసు, తవ్వేవాడినా? తెలిసినది ఆవిడ. వాళ్ళమ్మ చెప్పింది కూడానట. తెలిసి తెలిసి పొడిచింది."

ముత్యాలు తల వాల్చేసింది. ఎందుకంటే అది నిజమే.

సూరమ్మ మీదికొచ్చి కొమ్ములతో పొడిచింది. "నీ బిడ్డ గుటక కోసం నా బిడ్డల్ని మింగావు కదే! నీ గిట్టలు విరిగిపోను!" ముత్యాలు తప్పుకోలేదు. పోలయ్య తల దించుకుని, "ఊళ్ళో ఉండద్దు, వెళ్ళిపో" అన్నాడు. రంగడు ఒక్కడే ఊరి చివరిదాకా వచ్చి, గవ్వ మూతి ఒకసారి నాకి వెనక్కి పోయాడు.

వాగు ఇసకలో పైకి నడిచారు తల్లీబిడ్డా. ఉప్పుమళ్ళు తెల్లగా మెరిసిపోతుంటే కళ్ళు తెరవడం కష్టమైంది. పొదుగులో చుక్క లేదు. గవ్వ పది అడుగులు వేసేవాడు, కూలబడేవాడు. ముత్యాలు మూతితో లేపేది. ఉప్పుమళ్ళు దాటాక తాటిచెట్ల వంపు దగ్గర కూలబడినవాడు ఇక లేవలేదు. తన నీడ వాడిమీద పడేలా ముత్యాలు ఎండకి అడ్డంగా నిలబడింది. పొద్దు తిరిగినకొద్దీ తనూ తిరిగింది. "కాస్త ఓర్చుకో నాన్నా, సాయంత్రానికి గాలి తిరుగుతుంది" అంటూనే ఉంది. గాలి తిరిగేసరికి వాడు లేడు.

తెల్లారేదాకా వాడి పక్కనే కూర్చుంది. ఏడవడానికి కూడా ఒంట్లో తడి లేదు. తెల్లారాక వెనకనుంచి ఎవరు వాసన పట్టి వస్తారో గుర్తొచ్చింది. నా బిడ్డని వాడికి మాత్రం ఇవ్వను అనుకుంది. లేచి, తనకి తెలిసిన ఒక్క విద్యతో గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది.

మోకాలి లోతు దిగేసరికి నీళ్ళు ఊరాయి.

నాలుక కొస తగిలించి చూసింది. తియ్యటి నీళ్ళు! ఇన్నేళ్ళూ వాగు మొగలో, సముద్రంలో కలిసేచోట, చెలమ ఉంది గదా అని ఇంతదూరం వచ్చి తవ్విచూడాలని ఎవరికీ తోచలేదు, తనకీ తోచలేదు. నిన్న పొద్దున ఈ పనే చేసి ఉంటే! ముత్యాలు ఆకాశం వంక చూసి అరిచిన అరుపుకి తాటిచెట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి.

బిడ్డని గట్టుమీద ఇంకో గొయ్యి తీసి పూడ్చింది. తర్వాత చెలమ అంచున నిలబడింది. గొంతు మంటలెత్తిపోతోంది. అయినా మూతి పెట్టలేదు. తవ్వింది తనే గనక తన వంతు ఆఖరిది. ఒకసారి తన కోసం అనుకుని గిట్ట వేస్తే ఏమయిందో చూసింది, ఇంకోసారి వెయ్యదల్చుకోలేదు. వచ్చినదారినే ఊళ్ళోకి నడిచింది.

గంప కింది పెట్టనీ, నక్కనీ వదిలేస్తే ఊళ్ళో పద్నాలుగు ప్రాణాలు మిగిలాయి. రంగడు లేడు. ఆఖరి పొద్దు దాకా ఉప్పు చెలమ దగ్గర నిలబడి పేర్లు పిలుస్తూనే ఉన్నాడట, పిలుస్తూ పిలుస్తూ గొంతు ఆగిపోయిందట. ముత్యాలు ఒకటే మాట చెప్పింది, "నీళ్ళున్నాయి, రండి." వెళ్ళగొట్టాం కదా అని గాని, ఎందుకు తిరిగొచ్చావని గాని ఎవరూ అనలేదు. సూరమ్మ దాని పక్కన ఖాళీగా ఉన్న చోటు చూసింది, బిడ్డ ఏడని అడగలేదు.

అందరి వెనక ఈడ్చుకుంటూ గురవయ్య కూడా వచ్చాడు. వాడి లెక్క కూడా తప్పింది లెండి. నెత్తురు తాగి దాహం తీర్చుకోవచ్చు అనుకున్నాడు. కానీ ఆ ఎండలో శవం పూట తిరక్కుండానే ఎండుచేపలా బిగిసిపోయేది, పైగా ఉప్పునీళ్ళు తాగి చచ్చిన ఒళ్ళు. నాలుగురోజులు సుష్టుగా తిన్నాడు. ఇప్పుడు నాలుక అంగిట్లో అతుక్కుపోయి మాట పెగలట్లేదు.

ఎండ చల్లబడ్డాక బయల్దేరి, రాత్రంతా ఈడ్చుకుంటూ నడిచి తాటిచెట్ల వంపు చేరేసరికి తెల్లారింది. ముత్యాలు చెలమకి అడ్డంగా నిలబడింది. "రంగడు లేడు గనక పేర్లు నేను పిలుస్తాను. నడవలేక ప్రాణాలమీదికొచ్చినవాళ్ళు ముందు తాగండి." పద్నాలుగు మందీ తాగారు. పోలయ్య కూడా తన వంతుకి మోకాళ్ళమీద వంగి, నాలుగు గుక్కలే తాగి పక్కకి జరిగాడు.

గురవయ్య ముందుకొచ్చాడు.

"ఆగు," అంది ముత్యాలు. "నీ వంతు అందరి తర్వాత."

"అందరూ... తాగారుగా అక్కా!"

"ఉన్నవాళ్ళు తాగారు. వంతుల్లో ఇంకా ఇరవై ఒక్క పేర్లున్నాయి."

"వాళ్ళు చచ్చారు!"

"చచ్చారు. కానీ పేర్లు కదల్లేదు. పేరు కదలాలంటే వంతున్న ప్రతి ప్రాణీ వచ్చి కూర్చోవాలి, ఒక్కరు తక్కువైనా చెల్లదు. ఆ మాట అన్నదెవరు?"

గురవయ్య పోలయ్య వైపు తిరిగాడు. "పెద్దయ్యా! మీరు ధర్మం తెలిసినవారు..."

 పోలయ్య లేచి వచ్చి చెలమకీ నక్కకీ మధ్య కొమ్ములు దించి నిలబడ్డాడు. "తెలిసింది గురవయ్యా. ఆలస్యంగా తెలిసింది," అన్నాడు.

ముత్యాలు పిలిచింది. "గవ్వా!"

గట్టుమీద కొత్త మట్టి వైపు చూస్తూ ఒక ఊట ఊరేదాకా ఆగింది. ఎవరూ కదల్లేదు. గిట్టతో ఆ వంతు నీళ్ళు ఇసక మీదికి చిమ్మింది. తర్వాత సూరమ్మ పెద్దకొడుకు పేరు పిలిచింది, ఆగింది, చిమ్మింది. చిన్నకొడుకు పేరు పిలిస్తే సూరమ్మ భోరుమంది. "నా తండ్రికి నీళ్ళు వదులుతున్నారమ్మా," అని ఇసకలో పడి పొర్లింది. ముత్యాలు ఆగలేదు. ఉడతలు, పిల్లికూనలు, ముసలి పంది, ఒక్కొక్క పేరు. ఒక్కొక్క ఊట. పొద్దు నడినెత్తికొచ్చింది. వడగాడ్పు లేచింది.

"ఒక్క గుక్క అక్కా," అన్నాడు గురవయ్య. పొట్టమీద పాక్కుంటూ వచ్చి, చిమ్మిన తడి ఇసకని నాకబోయాడు. నాలుకకి కాలిన ఇసక అంటుకుంది. "తవ్విన... దానివి నువ్వు. నీకు... దాహం లేదూ?"

"ఉంది. నేను నీ వెనక," అంది ముత్యాలు. నిజమే, రెండు రోజులుగా దాని నోట్లో చుక్క పడలేదు. కాళ్ళు తూలుతుంటే సూరమ్మ లేచొచ్చి పక్కన ఆనించి నిలబడింది.

ఇరవయ్యో పేరు రంగడిది. దాన్ని రెండుసార్లు పిలిచింది, ఎందుకో ఒక్కసారి చాలదనిపించింది. ఇరవై ఒకటో పేరు ముసలిపెట్టది. అది పాపం గంప కింద చల్లగానే ఉంది, అయినా రాలేదు గనక ఆ వంతూ ఇసకలో పోసింది.

అప్పటికి పొద్దు తాటిచెట్ల వెనక్కి దిగింది.

"గురవయ్యా!" అని పిలిచింది ముత్యాలు. "నీ వంతు. రా."

గురవయ్య చెలమకి రెండు అడుగుల దూరంలో, నోరు తెరుచుకుని, నీళ్ళ వైపే చూస్తూ పడి ఉన్నాడు. రాలేదు. కట్టుబాటు ప్రకారం ముత్యాలు ఒక ఊట ఊరేదాకా ఆగింది. వాడి వంతు నీళ్ళు కూడా ఇసక మీదికి చిమ్మింది.

తర్వాత తన వంతు వచ్చింది. వంగి తాగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి తన వంతుకి చెలమ నిండా నీళ్ళు మిగిలి ఉన్నాయి, ఎంత తాగినా అడిగేవాళ్ళు లేరు. వెనక పొదుగుని కుమ్మేవాళ్ళు కూడా లేరు.

ఇందులో నీతి ఒకటే: ఎదుటివాడి గొంతు ఎండబెట్టడానికి కట్టుబాటు తెచ్చినవాడు, తన గొంతు ఎండిన నాడు దాన్ని దాటి రాలేడు.